బెంగళూరు నుంచి గుర్రాల పొలానికి: ఏ వైపు వెళ్లాలి, అసలు భూమి కొనాలా?

బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ల దగ్గర ఈ కోరిక తరచూ వింటుంటాం. ఊరికి కాస్త దూరంగా రెండు మూడెకరాలు, చిన్న ఇల్లు, నాలుగు చెట్లు, రెండు గుర్రాలు. ఆవులూ కోళ్లూ అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు, వాటి సంగతి తెలిసినవాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. గుర్రం సంగతి వేరు. పది ఊళ్లు తిరిగినా దాని ఒళ్లు తెలిసిన మనిషి ఒక్కడు కనిపించకపోవచ్చు. చాలామంది ఎకరం ధర చూసి ఏ వైపు వెళ్లాలో తేల్చుకుంటారు. నన్నడిగితే ధర చివరి ప్రశ్న. రాత్రి రెండు గంటలకు గుర్రం పడుకుని పొర్లుతుంటే లేచి చూసేది ఎవరు అన్నది మొదటిది.

ముందు ఏం చూసుకోవాలి

మనిషి. గుర్రం వాంతి చేసుకోలేదు. మేత ఉన్నట్టుండి మార్చినా, నీళ్లు తక్కువైనా, పేగు మెలిపడినా కడుపునొప్పి పట్టుకుంటుంది. గుర్రాలవాళ్లు దాన్ని కాలిక్ అంటారు. ముందుకాలితో నేల గీకడం, తల తిప్పి తిప్పి డొక్క వైపు చూసుకోవడం, పైపెదవి ముడవడం, పొద్దుటి నుంచి లద్ది వేయకపోవడం దాని గుర్తులు. డొక్కకు చెవి ఆనిస్తే మామూలుగా గుడగుడ వినిపించాలి. ఏమీ వినిపించకపోతే అది మంచి సూచన కాదు. ఇవన్నీ చూసి వెంటనే డాక్టరుకు ఫోన్ చేయగల మనిషి పొలంలోనే పడుకోవాలి. ఊళ్లో ఉండి సాయంత్రం తాళం వేసుకుని వెళ్లిపోయే వాచ్‌మన్ ఈ పనికి సరిపోడు.

నీళ్లు, మేత. 400 కిలోల గుర్రం రోజుకు 25 నుంచి 40 లీటర్ల నీళ్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. అదేమంత పెద్ద లెక్క కాదు, ట్యాంకరుతో గడిచిపోతుంది. అసలు నీళ్లు కావలసింది పచ్చిమేత పెంచడానికి. గుర్రం రోజూ తన బరువులో దాదాపు 2 శాతం ఎండుమేత తినాలి, అంటే సుమారు 8 కిలోలు. రెండు గుర్రాలకు ఏడాదికి 6 టన్నుల దాకా అవుతుంది. మన వైపు మెట్టభూముల్లో వానలయ్యాక రెండు మూడు నెలలే పచ్చిక ఉంటుంది. అందుకే గుర్రానికి ఎకరం చాలని చాలామంది చెప్పే లెక్కను అది తిరగడానికి చాలే చోటుగా చూడండి, కడుపు నిండే చోటుగా కాదు. నీళ్లున్న రెండెకరాలు నీళ్లులేని ఎనిమిదెకరాల కంటే మేలు. బోరు ఎంత పోస్తోందో ఏప్రిల్ నెలాఖరులో చూడండి. అక్టోబరులో చూసి మురిసిపోతే ఎండాకాలంలో ట్యాంకర్ల బిల్లు కట్టుకోవాల్సి వస్తుంది.

వైద్యం, గిట్టలు. గిట్టల్ని ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. లాడాలు కొట్టేవాళ్లలో పని తెలిసినవాళ్లు ఎక్కువగా రేసుకోర్సు, స్టడ్ ఫారాలు (మేలుజాతి గుర్రాల్ని పుట్టించి పెంచే చోట్లు), రైడింగ్ స్కూళ్ల చుట్టూనే ఉంటారు. గుర్రాల డాక్టర్లూ అంతే. ఆ వలయం దాటి ఎంత దూరం వెళ్తే వాళ్లను రప్పించుకోవడం అంత కష్టం.

పత్రాలు. బెంగళూరు నుంచి రెండు గంటలు ప్రయాణిస్తే మూడు రాష్ట్రాల చట్టాలు తగులుతాయి. వాటి గురించి ఏ వైపు భూమి చూస్తున్నామో అక్కడే మాట్లాడుకుందాం.

| దారి | బెంగళూరు నుంచి | రాత్రి మనిషి | మేత, నీళ్లు | డాక్టరు, లాడాలు | ఎక్కడ జాగ్రత్త |
|---|---|---|---|---|---|
| రైడింగ్ స్కూల్లో గుర్రం ఉంచడం | నగర శివారు | వాళ్ల సైసు (గుర్రాల కాపరి) | వాళ్ల బాధ్యత | సులువు | భూమి మీది కాదు |
| మేనేజ్డ్ ఫార్మ్‌ల్యాండ్ ప్లాటు | 40–100 కి.మీ. | కంపెనీ కూలీలు | చెట్ల కోసం ఏర్పాటు చేసినవి | అనుమానం | నియమాలు, చోటు |
| దొడ్డబళ్లాపుర, మాగడి, కనకపుర | 40–60 కి.మీ. | వెతుక్కోవాలి | బోరును బట్టి | అందుబాటులో | గ్రాంటు భూములు, చిరుతలు |
| హిందూపురం, లేపాక్షి, పెనుకొండ | 100–140 కి.మీ. | మనవాళ్లు దొరకవచ్చు | ఎండుమేత సమృద్ధి, నీళ్లు కరువు | దూరం | అసైన్డ్ భూములు |
| హోసూరు, దేన్కనికోట, తళి | 40–70 కి.మీ. | వెతుక్కోవాలి | పచ్చిమేతకు బాగు | పర్వాలేదు | ఏనుగులు, తమిళ పత్రాలు |

భూమి లేకుండా: రైడింగ్ స్కూల్లో గుర్రం

ఎవరికీ పెద్దగా నచ్చని సలహా ఇదే. ఉత్తర బెంగళూరులో, విమానాశ్రయం రోడ్డు వైపు, గుర్రపుస్వారీ నేర్పే స్కూళ్లు చాలా ఉన్నాయి. నెలకు ఇంత అని కడితే మీ గుర్రాన్ని వాళ్ల సాలలోనే ఉంచుకోవచ్చు. మేత, సైసు, డాక్టరు, లాడాలు అన్నీ అందులో కలిసి వస్తాయి. శని, ఆదివారాలు తప్ప తీరిక లేని దంపతులకు, పిల్లలు ఇంకా స్కూలుకు వెళ్తున్న ఇళ్లకు ఇదే సరైన దారి. నేల మీద కాలు పెట్టి బతకాలన్న కోరిక ఇక్కడ తీరదు, నిజమే. కానీ ఏడాది పాటు వారంలో కొన్ని పొద్దులు అక్కడికెళ్లి లద్ది ఎత్తి, ఒళ్లు దువ్వి, గిట్టల్లో మట్టి తీసి చూస్తే ఈ పని మీకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది. సరిపడకపోతే అమ్మడానికి ఎకరాలేమీ ఉండవు.

మేనేజ్డ్ ఫార్మ్‌ల్యాండ్

బ్రోచర్లలో గుర్రం బొమ్మ తప్పకుండా ఉంటుంది. పావెకరం ప్లాటులో మామిడి, సపోటా వేసి కంపెనీయే చూసుకుంటుంది, మీరు వారాంతాల్లో వచ్చి కూర్చోవచ్చు. ఆ ఏర్పాటు చెట్లకు చాలు. ఆ చోటు గుర్రానికి చాలదు, పక్క ప్లాటువాళ్లు లద్ది వాసనను భరించరు, చెట్లు చూసే కూలీకి గుర్రం తెలియదు. క్లబ్‌హౌస్‌లో పిల్లలు ఎక్కి తిరగడానికి వాళ్లే రెండు గుర్రాలు పెట్టి ఉంటే అది వేరే సంగతి. సొంత గుర్రాల కోసమైతే ఈ దారి వదిలేయండి.

కర్ణాటకలోనే సొంత భూమి

2020కి ముందు వ్యవసాయ కుటుంబం కానివాళ్లు, ఆదాయం ఓ హద్దు దాటినవాళ్లు కర్ణాటకలో వ్యవసాయ భూమి కొనడానికి భూసంస్కరణల చట్టంలోని 79ఎ, 79బి సెక్షన్లు అడ్డుపడేవి. ఆ ఏడాది సవరణతో అవి పోయాయి. ఆ తర్వాత నగరం చుట్టూ భూముల మీద గిరాకీ ఎలా పెరిగిందో దొడ్డబళ్లాపుర రోడ్డులో ఒకసారి వెళ్లివస్తే చాలు, మీకే తెలుస్తుంది.

ఇక్కడి లాభం దూరం. హెబ్బాళ వెటర్నరీ కాలేజీ, రేసుకోర్సు డాక్టర్లు, కుణిగల్ స్టడ్ ఫారం చుట్టూ పెరిగిన గుర్రాల పనివాళ్లు అందరూ గంట, గంటన్నర దూరంలోనే ఉంటారు. కుణిగల్ బెంగళూరుకు సుమారు 70 కి.మీ. టిప్పు సుల్తాన్ కాలం నాటి గుర్రాల సంప్రదాయం ఉన్న ఊరు. మాగడి, కుణిగల్ మధ్య భూమి దొరికితే సైసును వెతుక్కోవడం కొంత తేలిక.

పత్రాల్లో పహణి (భూమి ఎవరిదో, ఎంతో చెప్పే రికార్డు), మ్యుటేషన్ (యజమాని పేరు మార్పు) చూసి ఆగిపోకండి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు భూమిని ముందస్తు అనుమతి లేకుండా కొంటే 1978 నాటి పీటీసీఎల్ చట్టం కింద ఆ కొనుగోలు చెల్లదు. 2023 సవరణ తర్వాత దావాకు కాలపరిమితి కూడా లేదు. ముప్పై ఏళ్ల కింద చేతులు మారిన భూమి అయినా ఈ కోణంలో ఒకసారి చూపించండి. సర్వే నంబరులో కొంత భాగమే కొంటుంటే ఆ భాగాన్ని కొలిచి సర్వే శాఖ ఇచ్చే 11ఇ స్కెచ్ అడగండి. ఎన్ని గుంటలు ఖరాబు (సాగుకు పనికిరాని నేల) కింద పోతాయో విడిగా రాయించుకోండి. బండలున్న చోట ఈ లెక్కే అసలు గొడవ తెస్తుంది.

చిరుతలున్నాయన్న సంగతి బ్రోకరు చెప్పడు. మాగడి, రామనగర, కనకపుర గుట్టల్లో అవి మామూలే. పెద్ద గుర్రం జోలికి సాధారణంగా రావు. గుర్రపు పిల్లనైతే రాత్రి నాలుగు వైపులా మూసిన సాలలోనే కట్టాలి.

హిందూపురం వైపు

మన పాఠకుల్లో సగం మంది మనసు ఇటే లాగుతుంది. భాష మనది, బంధువులు ఉంటారు, ఎకరం ధర బెంగళూరు శివార్లతో పోలిస్తే బాగా తక్కువ. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చాక హైవే పక్కన ఆ మాట చెప్పడం కుదరదు కానీ, లోపలికి వెళ్తే ఇంకా నిజమే.

ఎండుమేత విషయంలో ఇంతకంటే మంచి చోటు లేదు. జొన్న సొప్ప, వేరుశనగ కట్టె, ఉలవలు అన్నీ పక్క రైతు కళ్లం నుంచే వస్తాయి. వేరుశనగ కట్టె వానకు తడిసి వామిలో బూజు పట్టిందేమో మాత్రం చూసుకోవాలి. వామి మధ్యలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు లాగి వాసన చూడండి. ముక్కిన వాసన వచ్చినా, తెల్లటి దుమ్ము లేచినా ఆ వామి వద్దు. బూజు పట్టిన మేతను ఆవు కొంతవరకు తట్టుకుంటుంది, గుర్రం తట్టుకోలేదు.

నీళ్లే కష్టం. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మి.మీ. వాన పడితే, అనంతపురం వైపు 550 మి.మీ. చుట్టూనే ఉంటుంది. చాలా ఊళ్లలో బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. హంద్రీ–నీవా కాలువ నీళ్లు చెరువుకు చేరే ఊళ్లలో పరిస్థితి కొంత నయం. భూమి చూసేటప్పుడు ఆ ఊరి చెరువు నిండిందా అని అడగండి, బోరు గురించి రైతు ఎంత చెప్పినా సరే.

పత్రాల్లో అడంగల్, 1బి తర్వాత రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22ఎ నిషేధిత జాబితా చూడాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా (అసైన్డ్) భూములు 1977 చట్టం కింద అమ్మకానికి పనికిరావు. 20 ఏళ్లు దాటిన వాటికి 2023లో వెసులుబాటు ఇచ్చారు, దాని చుట్టూ వివాదాలు వచ్చి 2024లో రిజిస్ట్రేషన్లు ఆగాయి. ఊళ్లో ఎవరో "అంతా క్లియర్ అయిపోయింది అన్నా" అంటే ఆ మాట వకీలుతోనే అనిపించండి.

ఇక అందరూ చెప్పేది ఒకటుంది: "నాన్నగారు ఊళ్లోనే ఉంటారు కదా, ఆయన చూసుకుంటారులే." నాన్నగారు ఎద్దులు తోలారు, బర్రెలు పితికారు. సరే. బెదిరిన గుర్రం వెనక్కి లేచి తన్నితే డెబ్బై ఏళ్ల మోకాళ్లతో పక్కకు తప్పుకోగలరా? ఆయన పొలాన్ని చూసుకుంటారు, కూలీలను అదిలిస్తారు, సొప్ప బేరం మీకంటే బాగా ఆడతారు. గుర్రాన్ని చూసుకునే జీతగాడు వేరుగా ఉండాల్సిందే. డాక్టరు విషయమూ అంతే. హిందూపురం పశువైద్యులు ఆవులూ గొర్రెల్లో దిట్టలు, గుర్రాలు మాత్రం అక్కడ అరుదు. రాత్రి కాలిక్ వస్తే బెంగళూరు నుంచి డాక్టరు రావడానికి రెండు గంటల పైనే పడుతుంది. ఫోన్లో ఆయన చెప్పినట్టు గుర్రాన్ని నడిపించి, మేత తీసేసి, ఊపిరి లెక్కపెట్టి చెప్పగల మనిషి అక్కడ ఉంటేనే ఈ దారికి ఒప్పుకోండి.

పెనుకొండ అన్నాక గుర్తొచ్చింది. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే తెచ్చుకున్నారు. వాళ్ల సైన్యానికి గుర్రాలు అరబ్బు దేశాల నుంచి పడమటి రేవుల మీదుగా ఓడల్లో దిగేవి. అంత సామ్రాజ్యమూ తన గుర్రాలన్నీ ఇక్కడే పెంచుకోలేకపోయింది.

హోసూరు, తళి

ఎత్తయిన చోటు, చల్లగా ఉంటుంది, పచ్చిమేత బాగా వస్తుంది. ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసేవాళ్లకు రోజూ వెళ్లిరాగల దూరం. హోసూరు చుట్టూ తెలుగు ఇళ్లకు కొదవ లేదు, కూలీలతో తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. పత్రాలు మాత్రం తమిళంలో ఉంటాయి. పట్టా, చిట్టా, ఎ-రిజిస్టరు అనే భూమి రికార్డులు చదవగల మనిషిని వెంట తీసుకెళ్లండి, అది పంచమి భూమి (ఒకప్పుడు దళితులకు ఇచ్చిన భూమి) కాదని తేల్చుకోండి.

చలికాలంలో రాగి కోతల వేళకు బన్నేరుఘట్ట, కావేరి అడవుల నుంచి ఏనుగుల గుంపులు దేన్కనికోట, తళి వైపు వస్తాయి. వాసన తగిలితేనే గుర్రాలు బెదిరిపోయి కంచె మీద పడతాయి. అడవి అంచుకు ఆనుకుని ఉన్న చవక భూమి ఎందుకు చవకో చెప్పేవాళ్లు తక్కువ.

మీరు ఎవరు?

వారాంతాలే తీరిక ఉన్న ఉద్యోగులైతే రైడింగ్ స్కూలు. భూమి కావాలనే ఉంటే కొనండి, చెట్లు వేయండి, గుర్రాన్ని మాత్రం అక్కడికి తేవద్దు.

రిటైరై పొలంలోనే ఉండబోతున్న దంపతులకు కర్ణాటక భూమే సరైనదని నా అభిప్రాయం. ఎక్కువ ధర పెట్టినా డాక్టరు గంటలో వస్తాడు. గుర్రానికే కాదు, మీకూ.

ఇంటి నుంచే పనిచేసే ముప్పై, ముప్పై అయిదేళ్లవాళ్లు, గుర్రం పని ఇప్పటికే కొంత తెలిసినవాళ్లు, అనంతపురం వైపు బంధుబలగం ఉన్నవాళ్లు హిందూపురం గురించి ధైర్యంగా ఆలోచించవచ్చు. మొదటి ఏడాది గుర్రం లేకుండానే గడపండి. వాన ఎక్కడ నిలుస్తుందో, పాములు ఏ గట్టున తిరుగుతాయో, ఏ మూల నీడ మధ్యాహ్నం దాకా ఉంటుందో ఆ ఏడాదిలో మీకు తెలిసిపోతుంది. సాల ఎక్కడ కట్టాలో అప్పుడు నిర్ణయించండి. వేప, చింత చెట్లు అప్పుడే నాటితే గుర్రాలొచ్చేసరికి కనీసం నడుమెత్తు అయినా ఉంటాయి.

స్వారీ క్యాంపులు పెట్టి సంపాదిద్దామనుకుంటే ఇది ఇల్లు కాదు, వ్యాపారం. దాని లెక్కలు ఇక్కడ పట్టవు.

ఏ గుర్రం

రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్‌లు చాలా తక్కువ ధరకు, ఒక్కోసారి ఊరికే కూడా దొరుకుతాయి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్లు ఊరికే అనలేదు. చర్మం పలుచన, తిండి ఎక్కువ, కాళ్లలో పాత దెబ్బలుంటాయి, చిన్న శబ్దానికే ఉలిక్కిపడతాయి. అనుభవం ఉన్నవాళ్ల చేతిలో అవి అద్భుతంగా బాగుపడతాయి. మొదటిసారి కొనేవాళ్లకు నేను వద్దనే చెబుతాను.

మార్వాడీ, కాఠియావాడీ జాతులు మన ఎండకు, రాళ్ల నేలకు తట్టుకుంటాయి. చెవుల కొసలు లోపలికి వంగి ఉండటం వాటి గుర్తు. తమిళుల ఆడి నెలలో (జూలై–ఆగస్టు) ఈరోడ్ దగ్గర అంతియూర్ గురునాథస్వామి గుడి సంతకు ఇవి పెద్ద ఎత్తున వస్తాయి. బెంగళూరు నుంచి వెళ్లిరాగల దూరమే. మొదటి ఏడాది సంతకు వెళ్లి చూసి రండి, కొనకండి. అమ్మకానికి వచ్చిన గుర్రం నోరు తెరిపించి చూస్తే, ముళ్ల కళ్లెం వాడినవాటికి పెదవి మూలల్లో గట్టిపడిన మచ్చలుంటాయి. ముళ్ల కళ్లెం చట్టరీత్యా నిషేధమైనా పెళ్లి ఊరేగింపుల గుర్రాల్లో ఇంకా కనిపిస్తుంది. అలాంటి గుర్రం పగ్గం లాగగానే తల ఎగరేస్తుంది. దానికి కారణం పొగరు కాదు, నొప్పి.

నా ఎంపిక: పది, పన్నెండేళ్ల వయసున్న, విత్తు కొట్టిన, రోడ్డు మీద లారీలను చూసి బెదరని నాటు గుర్రం. అందంగా లేకపోయినా ఫర్వాలేదు. గుర్రాలు పాతికేళ్ల పైనే బతుకుతాయి కాబట్టి పన్నెండేళ్లది ముసలిది అనుకోకండి.

పొలం సిద్ధం చేసేటప్పుడు

కంచె వెంట గన్నేరు ఉంటే మొదలంటా తీసేయండి. కొద్ది ఆకులు తిన్నా గుర్రం గుండె ఆగిపోతుంది, ఎండిన ఆకులూ అంతే ప్రమాదం. ముళ్లతీగ వద్దు, నునుపైన తీగో కర్రో వాడండి.

ఆవుల కోసం అందరూ వేసే సూపర్ నేపియర్ గడ్డి మీదే గుర్రాన్ని పెంచితే అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి అందనివ్వవు. నెలల తరబడి అలా జరిగితే ముఖం ఎముకలు ఉబ్బుతాయి. రోజూ తవుడు దట్టించినా అదే గతి. లూసర్న్ (పప్పుజాతి పచ్చిమేత) కొంత కలపండి, జొన్న సొప్ప ఎండినదే వేయండి. లేత పచ్చిజొన్నలో విషం ఉంటుందని రైతులకు తెలిసిందే. కోళ్ల దాణా బస్తా గుర్రం మూతికి అందే చోట పెట్టకండి. కోళ్లకు వచ్చే ఒక రోగానికి అందులో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రాన్ని చంపేస్తుంది.

రోజుకు ఒక్కో గుర్రం 15 నుంచి 20 కిలోల లద్ది వేస్తుంది. సాలకు దూరంగా గుంట తీసి ఎరువు చేసుకుంటే పొలానికి మరో ఎరువు కొనక్కర్లేదు. పోగు చేసి సాల పక్కనే వదిలేస్తే ఈగలు చేరతాయి. జోరీగలు గుర్రాలకు సర్రా అనే రక్తపు రోగం తెస్తాయి.

కొనే ముందు గ్లాండర్స్ రక్తపరీక్ష రిపోర్టు తప్పనిసరిగా చూడండి. అది మనుషులకూ సోకే రోగం, పాజిటివ్ తేలిన గుర్రాన్ని చట్టప్రకారం చంపేస్తారు. ధనుర్వాతం టీకా వేయించారా అడగండి. ఒక్క గుర్రంతో సరిపెడదామనుకుంటే కనీసం ఒక గాడిదనో మేకనో తోడుగా పెట్టండి. ఒంటరి గుర్రం మేత మానేస్తుంది, కంచె వెంట పచార్లు చేస్తూ చిక్కిపోతుంది. గాడిద అయితే రెండో గుర్రం కంటే తక్కువ ఖర్చుతో గడిచిపోతుంది, పైగా రాత్రి కొత్త మనిషి గేటు దగ్గరికొస్తే ముందు అరిచేది అదే.